పాలకేంద్రం యాప్ డైరీ: కొట్టే పెట్టె, చూపే అంకె

ఆగస్టు 10

అమ్మ పాల కార్డులో జూలై నెల రెండో బిల్లు చూస్తుంటే ఒక పూట ఫ్యాట్ 4.6 అని కనబడింది. మా బర్రె పాలు ఆ పదిహేను రోజుల్లో 6కు తక్కువ ఎప్పుడూ రాలేదు. ముందు పూట 6.5, తర్వాతి పూట 6.3. నడుమ ఆ 4.6 ఎక్కడిది? ఫ్యాట్ కొలిచే మిషన్ 6.4 చూపించి ఉంటుంది, రిజిస్టర్‌లోకి ఎక్కేటప్పుడు అంకెలు తారుమారయ్యాయి. అయిదు లీటర్ల పాలకు ఆ ఒక్క పూట అరవై రూపాయల పైనే పోయింది. అమ్మ ఎవరినీ అడగలేదు. "పొద్దుగాల డెబ్బై మంది లైన్ల ఉంటరు. ఆయన మాత్రం ఏం జేస్తడు" అన్నది.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నల్లగొండలో నేను చేసేది ఆండ్రాయిడ్ యాప్‌ల పనే. ఊరు నకిరేకల్ వైపు, బస్సులో గంట దూరం. వారానికోసారి ఇంటికి వస్తాను. ఈసారి వచ్చినప్పుడు కేంద్రం సెక్రటరీ చిన్నాయన దగ్గరికి పోయి అడిగాను, రిజిస్టర్ బదులు ఫోన్‌లో ఎక్కిస్తే ఎట్లుంటుందని. "బిల్లు లెక్క అదే జేస్తదా? అట్లయితే జెయ్యి బిడ్డా" అన్నాడు. పదిహేను రోజులకోసారి రెండు రాత్రులు కాలిక్యులేటర్ ముందు కూర్చుంటాడు ఆయన.

చేయాల్సింది చిన్నదే. సభ్యుడి నంబరు, లీటర్లు, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో కొవ్వు, నీళ్లు కాక మిగిలే గట్టి పదార్థం). నాలుగు అంకెలు కొడితే చార్టును బట్టి రేటు, మొత్తం రావాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఈ డైరీ ఆ నాలుగు పెట్టెల గురించే.

ఆగస్టు 14

నల్లగొండ రూములో మొదటి స్క్రీన్ తయారు చేశాను. కాట్లిన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, పాత పద్ధతి వ్యూలతోనే (తెర మీద కనబడే ఒక్కో ముక్కను వ్యూ అంటారు). చిన్నాయన ఫోన్ ఆండ్రాయిడ్ 10ది, కేంద్రంలో ఇంకొకరి ఫోన్ ఇంకా పాతది. అన్నింటిలో నడవాలి.

కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం రెండు ముక్కలు. చదవడానికి చూపించే అక్షరానికి టెక్స్ట్‌వ్యూ, మనం కొట్టడానికి ఎడిట్‌టెక్స్ట్. ఎడిట్‌టెక్స్ట్ కూడా లోపల ఒక టెక్స్ట్‌వ్యూనే, దానికి కర్సర్, కీబోర్డు తోడవుతాయి. ఎడిట్‌టెక్స్ట్‌కు ఇన్‌పుట్‌టైప్ అని ఒక లక్షణం ఉంటుంది. ఏ కీబోర్డు రావాలో, ఏ అక్షరాలను రానివ్వాలో అది చెబుతుంది. నేను తొందరలో నాలుగింటికీ నంబర్ అని పెట్టేశాను. ఫ్యాట్ పెట్టెలో చుక్క పడలేదు. నంబర్ అంటే పూర్ణాంకమే. నంబర్‌డెసిమల్ అని మార్చాక చుక్క పడింది, రెండో చుక్కను అదే ఆపేసింది.

కానీ ఒంటి చుక్కను ఆపదు. వట్టి చుక్క కొట్టి సేవ్ నొక్కితే యాప్ కూలిపోయింది. చుక్కను అంకెగా మార్చమంటే ప్రోగ్రామ్ ఎక్సెప్షన్ విసురుతుంది, అంటే లోపం చెప్పి ఆగిపోతుంది. మార్చలేకపోతే నల్, అంటే ‘ఏమీ లేదు’ అని ఇచ్చే ఫంక్షన్‌కు మారాను. డబ్బుల లెక్క కాబట్టి దశాంశాలను దగ్గరి విలువగా దాచే డబుల్ టైపును వదిలేసి, ఉన్నదున్నట్టు దాచే బిగ్‌డెసిమల్ పెట్టాను. డబుల్‌లో 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు. ఒక ఎంట్రీలో ఆ తేడా కనబడదు, డెబ్బై మంది, ముప్పై పూటలు అయ్యేసరికి పైసలు తేలవు.

ఆగస్టు 17

ఈ రోజు పొద్దున అయిదున్నరకు కేంద్రంలో ఉన్నాను. రిజిస్టర్ మామూలుగా నడుస్తుండగా పక్కన ఫోన్‌లో కూడా ఎక్కించాలని ఒప్పందం. పన్నెండో మనిషి దగ్గర చిన్నాయన ఆగిపోయాడు. "గీ డబ్బాల ఏం కొట్టాలె బిడ్డా? ఇది లీటర్లా, ఫ్యాటా?"

చూస్తే నాలుగు పెట్టెల్లో రెండు నిండి ఉన్నాయి, ఏది ఏదో చెప్పే మాట ఎక్కడా లేదు. నేను పెట్టెల పేర్లను హింట్‌గా, అంటే పెట్టె లోపలే కనబడే సూచనగా పెట్టాను. హింట్ పెట్టె ఖాళీగా ఉన్నంతసేపే ఉంటుంది, మొదటి అంకె పడగానే మాయమవుతుంది. నాకు వరుస కంఠతా వచ్చు కాబట్టి ఆ ఇబ్బంది తెలియలేదు. మధ్యలో ఎవరో పలకరించి, మళ్లీ ఫోన్ వైపు తిరిగిన మనిషికి అక్కడ 6.2, 6.4 మాత్రమే కనబడ్డాయి. వాటిలో ఏది లీటర్లో, ఏది ఫ్యాటో ఎవరు చెప్పగలరు?

ఇంకొకటి. ఆ హింట్ లేత బూడిద రంగు. మా గదిలో ట్యూబ్‌లైట్ కింద చక్కగా కనబడింది. కేంద్రంలో ఉన్నది ఒక్క బల్బు, అది కూడా మిషన్ మీద వేలాడుతుంది. ఏడు దాటాక ఎండ నేరుగా టేబుల్ మీద పడుతుంది. రెండు వేళలలోనూ ఆ బూడిద రంగు తెల్లటి తెర మీద లేనట్టే. వెబ్ అందుబాటు ప్రమాణాల్లో మామూలు అక్షరానికి, వెనుక రంగుకు మధ్య వెలుగులో కనీసం 4.5:1 తేడా ఉండాలని ఉంది. తెల్లటి తెర మీద #767676 అనే బూడిద రంగు ఆ గీతను కొద్దిగా దాటుతుంది. నేను వాడింది అంతకంటే చాలా లేత. ఇప్పుడు నల్లటి అక్షరమే పెట్టాను, బూడిద రంగుతో పని లేదు.

పేర్ల కోసం ప్రతి పెట్టె పైన విడిగా ఒక టెక్స్ట్‌వ్యూ పెట్టాను, ఎప్పుడూ కదలకుండా ఉండేలా. గూగుల్ ఇచ్చే మెటీరియల్ డిజైన్ లైబ్రరీలోని టెక్స్ట్‌ఇన్‌పుట్‌లేఅవుట్ వాడితే హింటే పైకి తేలి చిన్నగా నిలబడుతుంది. అది కూడా చేసి చూశాను. ఆ చిన్న అక్షరం చిన్నాయనకు అద్దాలు పెట్టుకుంటే తప్ప ఆనలేదు. అయినా ఆ లేఅవుట్‌ను తీసేయలేదు. దాంట్లో సఫిక్స్ అని ఒకటి ఉంది, పెట్టె చివర "లీ." అని కదలకుండా చూపిస్తుంది, కొట్టిన అంకెలో మాత్రం కలవదు.

ఆగస్టు 23, 24

రెండు రోజులు పూర్తిగా తెలుగు అక్షరాల మీదే పోయాయి, పోవాల్సినవే.

బటన్లు, పేర్లు అన్నీ మొదట్లో ఇంగ్లీషులో ఉండేవి. తెలుగులోకి మార్చగానే "ఎత్తు తప్పింది" అన్నట్టు అయింది స్క్రీన్. "మొత్తం" అనే మాటలో త వత్తు కింది సగం తెగిపోయింది. "సభ్యుల సంఖ్య" అన్నచోట య వత్తు, ఖకు కిందున్న య వత్తు రెండూ గీత కింద మాయం. కారణం నేనే. ప్రతి టెక్స్ట్‌వ్యూకు ఎత్తు 24 డీపీ (తెర మీది కొలతకు ఆండ్రాయిడ్ వాడే యూనిట్) అని గట్టిగా బిగించాను. ఇంగ్లీషు అక్షరానికి అది చాలు. మన అక్షరానికి పైన గుడి, ఏత్వం, తలకట్టు ఉంటాయి, కింద వత్తులు ఉంటాయి. ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు కూడా చేరుతుంది. ఎత్తును లోపలి అక్షరానికి తగ్గట్టు పెరగనిచ్చి, కనీస ఎత్తు మాత్రం చెప్పాను. తెగడం ఆగింది.

రెండు వరుసల మాటలు వచ్చినచోట ఇంకో చిక్కు. వరుస ఎత్తు 18 సైజు అక్షరానికి 20 అని పెట్టి ఉంచాను. పై వరుస వత్తులు, కింది వరుస గుడులు ఒకదాన్నొకటి తాకి నలుపు ముద్దలా కనబడింది. 27 దాకా పెంచాను, అంటే ఒకటిన్నర రెట్లు. తెలుగుకు నేను ఇక ఎప్పుడూ అంతకంటే తక్కువ పెట్టను.

సాయంత్రం చిన్నాయన ఫోన్‌లో, నా ఫోన్‌లో ఒకే స్క్రీన్ పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకేలా లేవు. నాది ఆండ్రాయిడ్ 15. దాంట్లో తెలుగు కొంచెం పొడుగ్గా, గాలి ఆడేటట్టు ఉంది. ఆయన దాంట్లో అదే మాట నొక్కినట్టు పొట్టిగా ఉంది. దీని వెనుక ఎలిగెంట్‌టెక్స్ట్‌హైట్ అనే లక్షణం ఉంది. తెలుగు, కన్నడ, తమిళం, మలయాళం, థాయ్ లాంటి నిలువుగా ఎక్కువ చోటు అడిగే లిపులకు ఆండ్రాయిడ్ చాలాకాలం కుదించిన ఫాంటునే మామూలుగా వాడింది, ఇంగ్లీషు వరుస ఎత్తులో ఇమడాలని. ఆండ్రాయిడ్ 15 కోసం తయారైన యాప్‌లలో ఆ లక్షణం తనంతట తానే ఆన్ అవుతుంది, చదవడానికి వీలైన ఫాంటు వస్తుంది. పాత ఫోన్లలో మనమే ఆన్ చేయాలి. ఆండ్రాయిడ్ 5 నుంచి ఆ లక్షణం ఉంది, నేనే ఇన్నేళ్లూ దాని పేరు కూడా వినలేదు. ఇంత మంది మాట్లాడే భాషను ఇంగ్లీషు ఎత్తులో ఇరికించి చూపిస్తున్నారని తెలిశాక బాధేసింది. ఇప్పుడు థీమ్‌లోనే ఆన్ చేసి పెట్టాను, రెండు ఫోన్లలో ఒకేలా వస్తోంది.

అక్షరం సైజు ఎస్‌పీలోనే ఇవ్వాలి, డీపీలో ఇవ్వకూడదు. ఫోన్ సెట్టింగులో అక్షరం పెద్దది చేసుకున్నవాళ్లకు ఎస్‌పీ అయితేనే పెరుగుతుంది. చిన్నాయన సెట్టింగులో అక్షరం చివరిదాకా పెద్దది చేసుకున్నాడు. ఆ సైజులో నా నాలుగు పెట్టెలు తెర దాటి కిందికి పోయాయి, కీబోర్డు వచ్చి మిగిలినవాటిని కప్పేసింది. మొత్తాన్ని స్క్రోల్ అయ్యే చోట పెట్టి, కీబోర్డు వచ్చినప్పుడు స్క్రీన్ తగ్గేలా యాప్ వివరాలుండే మానిఫెస్ట్ ఫైలులో అడ్జస్ట్‌రీసైజ్ అని రాశాను.

ఆగస్టు 31

పేర్ల రోజు.

మా దిక్కు సంగతి తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. యాదగిరిగుట్ట నరసింహస్వామి మీద మొక్కుతో పెట్టిన పేర్లు ఊరి నిండా ఉంటాయి. యాదయ్య, యాదమ్మ, యాదగిరి, యాదగిరిరెడ్డి, లక్ష్మీనర్సమ్మ, నర్సింహ. కేంద్రం జాబితాలో యాదతో మొదలయ్యే పేర్లే పదకొండు. నేను జాబితాలో పేరును ఒకే వరుసకు కట్టి, పట్టకపోతే చివర మూడు చుక్కలు పెట్టమన్నాను. పెద్ద అక్షరం సైజులో చూస్తే వరుసగా "యాద…", "యాద…", "యాద…". ఇంటిపేరు, తండ్రి పేరు ఏవి చూసి మనిషిని గుర్తుపట్టాలో సరిగ్గా అవే చుక్కల వెనుక దాక్కున్నాయి. పక్కవాళ్ల పాలు అమ్మ ఖాతాలో, అమ్మ పాలు పక్కవాళ్ల ఖాతాలో పడటానికి ఇంతకంటే సులువైన దారి ఉండదు.

చుక్కలు తీసేశాను. పేరు రెండు వరుసలైనా, మూడు వరుసలైనా పూర్తిగా కనబడాలి. చోటు కావాలంటే ఇంకేదైనా తగ్గించుకోవచ్చు, పేరును మాత్రం కోయకూడదు.

కోయడం అంటే ఇంకో రకం కోత కూడా జరిగింది. కొత్త సభ్యుల పేరు కొట్టే పెట్టెకు గరిష్ఠంగా 12 అక్షరాలు అని హద్దు పెట్టాను, పేరు అంతకంటే పొడుగు ఏముంటుందిలే అని. వెంకటలక్ష్మమ్మ అని కొడితే వెంకటలక్ష్మమ దగ్గర ఆగిపోయింది. చివరి వత్తు పడదు, ఎన్నిసార్లు కొట్టినా పడదు. మన కంటికి ఆ పేరులో ఆరే అక్షరాలు: వెం, క, ట, ల, క్ష్మ, మ్మ. మిషన్ లెక్క వేరు. వ ఒకటి, ఎత్వం ఒకటి, సున్న ఒకటి, ప్రతి హల్లు ఒకటి, వత్తును కలిపే పొల్లు కూడా విడిగా ఒకటి. మొత్తం 14. ఆండ్రాయిడ్‌లో పొడవు హద్దు ఈ యూనికోడ్ ముక్కలనే లెక్కపెడుతుంది. 12వ ముక్క తర్వాత కత్తిరిస్తే అది ఒక తెలుగు అక్షరం నడిమధ్యన పడుతుంది.

మనిషి చూసే అక్షరాన్ని లెక్కపెట్టే నియమాలు యూనికోడ్‌లో ఉన్నాయి. వాటిలో కూడా చాలాకాలం క్ష్మను మూడు ముక్కలుగానే లెక్కించారు. 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌లో తెలుగు, దేవనాగరి, బెంగాలీ లాంటి లిపులకు సంయుక్తాక్షరాన్ని విడగొట్టకుండా ఒకటిగా చూడాలని నియమం చేర్చారు. అయితే ఫోన్‌లో ఉన్న లైబ్రరీ ఏ వెర్షన్‌దో దాన్ని బట్టి జవాబు మారుతుంది. అందుకే నేను ఆ లెక్కలోకి పోలేదు, హద్దు 100 చేసి పెట్టాను. ఊళ్లో ఎవరి పేరూ అంత ఉండదు. పొరపాటున వేరేదేదో అతికిస్తే ఆపడానికి అది చాలు.

ఇక వెతకడం. జాబితాలో ఒకరి పేరు "రామ్‌రెడ్డి" అని ఉంది. చిన్నాయన కీబోర్డులో కొడితే "రామ్రెడ్డి" అని, మకు ర వత్తు కలిసి పడింది. దొరకలేదు. మొదటిదాంట్లో పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక గుర్తు ఉంది, జీరో విడ్త్ నాన్‌జాయినర్ అంటారు. అక్షరాలు కలవకుండా ఆపడం దాని పని. చూడటానికి ఏమీ లేదు, పోల్చేటప్పుడు మాత్రం అది ఉన్న పేరు, లేని పేరు రెండు వేర్వేరు. వెతికేముందు రెండు వైపులా ఆ గుర్తును, ఖాళీలను తీసేసి పోలుస్తున్నాను. మామూలుగా చూపించేటప్పుడు మాత్రం అది ఉండాలి, లేకపోతే పేరు తప్పుగా కనబడుతుంది. ఎవరి పేరూ తెర మీద తప్పుగా ఉండకూడదు.

ఇంత చేశాక చిన్నాయన ఒక మాట అన్నాడు. "పేరెందుకు బిడ్డా, అందరికి నంబరుంది గదా." నిజమే. పాలు పోసేవాళ్లు క్యాన్ పెట్టగానే "ముప్పై నాలుగు" అంటారు. పేరు కొట్టే అవసరం సభ్యుడు కొత్తగా చేరినప్పుడే. రోజూ చేయాల్సింది నంబరు కొట్టగానే పేరును పెద్దగా చూపించడం. అక్కడి నుంచి నా ఆలోచన అంతా కొట్టే పెట్టె నుంచి చూపే చోటుకు జరిగింది.

సెప్టెంబరు 6

చిన్న నోటు. లీటర్లు, ఫ్యాట్ కొట్టి మొత్తం చూస్తుండగా ఫోన్ అడ్డం తిరిగింది. పెట్టెల్లోని అంకెలు ఉన్నాయి, మొత్తం మాత్రం ఖాళీ అయింది. ఐడీ ఉన్న ఎడిట్‌టెక్స్ట్ తన అక్షరాలను తనే దాచుకుంటుంది, టెక్స్ట్‌వ్యూ దాచుకోదు. ఫ్రీజెస్‌టెక్స్ట్ అని రాస్తే అది కూడా దాచుకుంటుంది. రాశాను. తర్వాత ఆలోచిస్తే మొత్తాన్ని, ఫోన్ తిరిగినా చెరిగిపోని వ్యూమోడల్‌లో ఉంచడమే పద్ధతి అనిపించి అలా మార్చాను.

సెప్టెంబరు 9

నేను చేసిన పెద్ద తప్పు ఈ రోజు రాసుకుంటున్నాను.

మిషన్ 6.4 చూపిస్తుంది. చిన్నాయన తొందరలో 64 అని కొడతాడు, చుక్క మరిచిపోతాడు. అందుకని టెక్స్ట్‌వాచర్ (పెట్టెలో అక్షరం మారగానే నడిచే కోడు) పెట్టి, రెండు అంకెలు పడగానే నడుమ చుక్క నేనే వేద్దామనుకున్నాను. మొదట యాప్ కూలిపోయింది. అక్షరం మారిన తర్వాత పిలిచే ఫంక్షన్‌లోనే అక్షరాన్ని మారిస్తే ఆ మార్పు మళ్లీ అదే ఫంక్షన్‌ను పిలుస్తుంది, అది మళ్లీ మారుస్తుంది, చివరికి ఆ పిలుపులను గుర్తుంచుకునే స్టాక్ నిండిపోతుంది. నేను మార్చేటప్పుడు వాచర్‌ను తీసి, మార్చాక తిరిగి తగిలించాను. కూలడం ఆగింది. అప్పుడు కర్సర్ మొదటికి దూకింది, తర్వాతి అంకె వెనుక పడాల్సింది ముందు పడింది. కర్సర్‌ను చివర పెట్టే లైను రాశాను. అన్నీ కుదిరాయని సంబరపడ్డాను.

సాయంత్రం పూట ఒకరి బర్రె పాలు 10.2 వచ్చాయి. పాడి చివరి రోజులు, పాలు తగ్గి చిక్కబడ్డాయి, ఫ్యాట్ పెరిగింది. చిన్నాయన సరిగ్గా 1, 0, చుక్క, 2 అని కొట్టాడు. రెండో అంకెకే నా వాచర్ 1.0 చేసింది, తర్వాతి చుక్కను మింగింది, చివరికి 1.02 అయింది. ఆయన తల ఎత్తి మిషన్ చూస్తున్నాడు కాబట్టి తెర చూడలేదు. రిజిస్టర్ పక్కన ఉండబట్టి దొరికింది. లేకపోతే ఆ పూట ఆ ఇంటివాళ్లకు అన్యాయం జరిగేది, అమ్మకు జరిగినట్టే. ఏ తప్పును ఆపాలని ఈ పని మొదలుపెట్టానో అదే తప్పు నా కోడు చేసింది.

ఆ రాత్రే మొత్తం తీసేశాను. మనిషి కొట్టినదాన్ని యాప్ మార్చకూడదు. అనుమానం వస్తే అడగాలి.

సెప్టెంబరు 14

అడగడం ఎలా అనేది ఈ రోజు పని. మొదట నేను రాసిన మాట "చెల్లని విలువ". చిన్నాయన చదివి "అంటే ఏంది?" అన్నాడు. ఎరుపు రంగులో ఆ మాట వచ్చేసరికి ఆయన చేతులు ఆగిపోయాయి, టెన్షన్ పడ్డాడు, ఏం చెయ్యాలో అందులో లేదు.

ఇప్పుడు మాటలు ఇవి:

"ఫ్యాట్ 64 అని ఉంది. 6.4 కొట్టాలా?"

"లీటర్లు ఖాళీగా ఉన్నాయి."

"34 నంబరు ఈ పూట ఒకసారి పోశారు. మళ్లీ ఎక్కించాలా?"

మూడోది ముఖ్యం. ఒకే ఇంటివాళ్లు రెండు క్యాన్లు తేవడం మామూలే, కాబట్టి అది తప్పు కాదు, అడగాల్సిన విషయం మాత్రమే. మొదటిదానికి రెండు బటన్లు, "అవును, 6.4" ఒకటి, "మళ్లీ కొడతా" ఇంకొకటి. ఆవు పాలకు ఒక హద్దు, బర్రె పాలకు ఒక హద్దు పెట్టాను. హద్దు దాటితే ఆపదు, అడుగుతుంది అంతే.

కొడుతుండగానే ఎర్ర మాట చూపించడం కూడా మానేశాను. 6 కొట్టి చుక్క కొట్టేలోపే "సరిగా లేదు" అంటే ఎవరికైనా చిరాకే. పెట్టె వదిలి పక్కదానికి పోయినప్పుడు మాత్రమే చూస్తుంది. ఇంకో సంగతి, ఎర్ర మాట వచ్చినప్పుడల్లా కింది పెట్టెలు ఒక వరుస కిందికి జరిగేవి, వేలు ఒకచోట నొక్కబోయి ఇంకోచోట పడేది. ఆ మాటకు చోటు ముందే ఖాళీగా ఉంచితే జరగడం ఆగింది.

సెప్టెంబరు 20

పాల కేంద్రంలో చేతులు ఎప్పుడూ తడే. తడి వేలికి ఫోన్ కీబోర్డు సరిగా పలకదు, ఒకసారి నొక్కితే రెండు పడతాయి. పైగా ఒక్కో ఫోన్‌లో చుక్క ఒక్కోచోట ఉంటుంది. చిన్నాయన ఫోన్‌లో అది అడుగున, మూలకు, మిగతా అంకెల్లో సగం కూడా లేదు. ఫోన్ కీబోర్డు రూపు మన చేతిలో ఉండదు.

అందుకే కీప్యాడ్ నేనే తయారు చేశాను. అంకెలు పది, చుక్క, చెరిపేది, "తర్వాత". ఒక్కో బటన్ 72 డీపీ. మెటీరియల్ సూచన 48, తడి చేతికి అది చాలదు. ఎడిట్‌టెక్స్ట్‌కు ఫోకస్ వచ్చినా (కొట్టడానికి దాన్ని ఎంచుకున్నా) ఫోన్ కీబోర్డు తెరుచుకోవద్దని చెప్పే ఫంక్షన్ ఆండ్రాయిడ్ 5 నుంచే ఉంది. కర్సర్ మామూలుగానే కొట్టుకుంటుంది, అంకెలు మాత్రం నా బటన్ల నుంచి పోతాయి. ఒకే బటన్ 150 మిల్లీసెకన్ల లోపల రెండోసారి పడితే వదిలేస్తుంది. మొదట 300 పెట్టాను. 55 కొట్టేటప్పుడు రెండో అయిదును మింగేసింది, ఆయన చేయి నేననుకున్న దానికంటే వేగం.

"తర్వాత" నొక్కితే నంబరు నుంచి లీటర్లకు, లీటర్ల నుంచి ఫ్యాట్‌కు, ఎస్‌ఎన్‌ఎఫ్‌కు. చివర నొక్కితే ఎక్కించి మళ్లీ నంబరు దగ్గరికే వస్తుంది. వెనక్కి పోయి ఏ పెట్టెను తాకినా అందులోని అంకె మొత్తం సెలెక్ట్ అవుతుంది, కొత్తది కొడితే పాతది పోతుంది. ఇంతకుముందు ఒక్కో అంకె చెరపాల్సి వచ్చేది.

ఈ రోజు డెబ్బై మందిని రిజిస్టర్‌లో రాసినంత సేపట్లోనే ఫోన్‌లో ఎక్కించాడు. నేను టేబుల్‌కు దూరంగా, తలుపు దగ్గర నిలబడి చూశాను. ఒక్కసారి కూడా నన్ను పిలవలేదు.

సెప్టెంబరు 22

ఎంగిలిపూల బతుకమ్మ అయింది. అక్కాచెల్లెళ్లు ఊళ్లకు వస్తున్నారు, కేంద్రంలో అందరి ప్రశ్న ఒకటే, పండుగ ముందట బిల్లు వస్తదా అని. మొదటి పదిహేను రోజుల బిల్లును యాప్‌తో, చేతితో రెండు రకాలుగా తీశాం. ముగ్గురి దగ్గర తేడా వచ్చింది. రెండు చోట్ల చేతి లెక్క తప్పు. ఒకచోట నా తప్పు, రూపాయలకు కుదించడం ప్రతి పూటకూ చేశాను, కేంద్రం పద్ధతి ప్రకారం చివర్లో ఒక్కసారే చేయాలి.

బిల్లు స్క్రీన్‌లో అంకెలన్నీ కుడివైపుకు జరిపి, అన్నింటికీ చుక్క తర్వాత ఒకటే అంకె ఉంచాను. 12 అని ఒకచోట, 12.5 అని ఇంకోచోట ఉంటే నిలువుగా కళ్లు పరుగెత్తవు. 12.0 అని రాస్తే చుక్కలన్నీ ఒక గీతలో నిలబడతాయి. కేంద్రం మొత్తానికి కామాలు మన పద్ధతిలోనే, 1,48,320 అని. ఇంగ్లీషు అమెరికా లొకేల్ (భాష, దేశం సెట్టింగు) అలాగే వదిలేస్తే 148,320 అని పడుతుంది, చదివేవాళ్లు ఒక క్షణం తడబడతారు.

తెలుగు అంకెలు పెడదామా అని ఒక రోజంతా ఆలోచించాను. నాకు వాటి మీద ప్రేమ ఉంది. కానీ మిషన్ మీద, కార్డు మీద, బస్సు మీద, నోటు మీద మా ఊరివాళ్లు చదివే అంకెలు 1, 2, 3లే. అవే ఉంచాను.

సెప్టెంబరు 27

అసలు సంగతికి వచ్చాను.

ఇన్ని రోజులూ ఫోన్ తెర చిన్నాయన వైపే ఉంది. పాలు పోసిన మనిషి టేబుల్‌కు ఇవతల నిలబడి ఉంటుంది. 6.4 అని ఎక్కిందో 4.6 అని ఎక్కిందో ఆమెకు తెలిసేది పదిహేను రోజుల తర్వాతే. అమ్మను అడిగాను, అక్కడే తెర కనబడితే చదువుతావా అని. "నాకు సదువు రాదు గని, అంకెలు తెలుస్తయి" అన్నది.

ఇంట్లో పాత ఫోన్ ఒకటి ఉంది, వెనుక మూత పగిలింది గానీ తెర బాగుంది. దాన్ని టేబుల్ మీద బయటి వైపు తిప్పి నిలబెట్టాను. చిన్నాయన ఫోన్ హాట్‌స్పాట్ మీద అది కలుస్తుంది. ఆయన కొట్టే ప్రతి అంకె అదే క్షణం దాంట్లో కనబడుతుంది. అందులో కొట్టే పెట్టె ఒక్కటి కూడా లేదు, అన్నీ టెక్స్ట్‌వ్యూలే. పైన నంబరు, దాని పక్కన పేరు. కింద మూడు వరుసలు, ఎప్పుడూ అదే వరుస: లీటర్లు, ఫ్యాట్, మొత్తం రూపాయలు. ఎస్‌ఎన్‌ఎఫ్ తీసేశాను, అడిగినవాళ్లు లేరు. చోటును బట్టి అక్షరం తనే పెరిగేలా ఆటోసైజ్ పెట్టాను. అది టెక్స్ట్‌వ్యూకే పనిచేస్తుంది, ఎడిట్‌టెక్స్ట్‌కు పనిచేయదు. ఎత్తును గట్టిగా చెప్పినప్పుడే సరిగా నడుస్తుంది, లోపలి అక్షరానికి తగ్గట్టు పెరగమంటే లెక్క తప్పుతుంది. అంకెలకు వత్తులు లేవు కాబట్టి ఇక్కడ ఎత్తు బిగించినా ఫర్వాలేదు. పేరుకు మాత్రం బిగించలేదు.

మొదట ఆటోసైజ్ వల్ల ఒక ఇబ్బంది వచ్చింది. 6 పెద్దగా, 6.4 కొంచెం చిన్నగా, 10.2 ఇంకా చిన్నగా మారుతూ తెర ఊపిరి పీల్చినట్టు కదిలింది. అన్నింటికీ "88.8" పట్టే సైజును ఒకసారి లెక్కగట్టి అదే ఉంచాను.

కళ్లు ఆననివాళ్ల కోసం మాట కూడా పెట్టాను. ఫోన్‌లోని తెలుగు గొంతు, ఎక్కించగానే "ముప్పై నాలుగు, అయిదు లీటర్లు, ఫ్యాట్ ఆరు పాయింట్ నాలుగు" అంటుంది. అంకెను అంకెగా ఇవ్వకుండా ఆ మాటలను నేనే అక్షరాల్లో రాసి ఇస్తున్నాను, ఎలా పలకాలో దానికి వదిలేయకుండా. పండుగ సందడిలో గొంతు వినబడుతుందో లేదో చూడాలి.

సెప్టెంబరు 30

ఎల్లుండి దసరా. పొద్దున్నే అమ్మతో పాటు కేంద్రానికి పోయాను. లైన్‌లో ఆమె వెనుక నిలబడ్డాను, టేబుల్ దగ్గరికి పోలేదు. మా ముందు ఒక ముసలమ్మ క్యాన్ పెట్టి, బయటి ఫోన్ ముందు వంగి చూసి, "అయ్యా, నావి నాలుగున్నర గాదు, నాలుగు మీద ఎనిమిది" అంది. చిన్నాయన మిషన్ చూశాడు. 4.8 అనే ఉంది. ఆవు పాలు, హద్దు లోపలే ఉన్న అంకె, యాప్ అడిగే అవకాశమే లేదు. పెట్టెను తాకాడు, పాత అంకె మొత్తం నీలంగా సెలెక్ట్ అయింది, 4.8 కొట్టాడు. బయటి తెర మీద మారింది. ఆమె తల ఊపి క్యాన్ తీసుకుని పోయింది.

తర్వాత అమ్మ వంతు. 34, అయిదు లీటర్లు, 6.5. కేంద్రం దాటి వచ్చేదాకా ఏమీ అనలేదు. చింతచెట్టు దగ్గర "పేరు కింద ఎర్రగ గీత ఎందుకున్నది?" అని అడిగింది. నేను చూడలేదు. ఇంటికొచ్చి చూస్తే పేరు చూపే చోట టెక్స్ట్‌వ్యూ బదులు పొరపాటున ఎడిట్‌టెక్స్ట్ మిగిలిపోయింది, ఫోన్ అక్షరదోషాల తనిఖీ అమ్మ పేరు కింద గీత గీసింది. మధ్యాహ్నం అది మార్చాను. సాయంత్రం పూటకు కొత్తది ఎక్కించాలి.